ఆంజినమ్మ ధర చెప్పని కంబళి

ఎర్రబండపల్లి ఈశ్వరప్ప ముప్పై రెండేళ్లు కంబళ్లు నేశాడు గానీ, ఒక్కదానికైనా తన నోటితో ధర చెప్పి ఎరగడు. ధర చెప్పడం ఆంజినమ్మ పని. ఉన్ని ఏకేదీ ఆమే, రాట్నం ముందు కూర్చుని నూలు వడికేదీ ఆమే, చింతగింజల గంజి కాచి పడుగుకు పట్టించేదీ ఆమే. మధ్యలో నేత మాత్రం అతనిది. నేత పూర్తయి మగ్గం దిగిన కంబళి మళ్లీ ఆమె చేతికే వెళ్లిపోయేది.

కళ్యాణదుర్గం సంతలో ఆమె ముందు కూర్చునేది. అతను మూటకు ఆనుకుని వెనక కూర్చునేవాడు. ఎవరైనా వచ్చి అంచు నలిపి చూసి ఎంతని అడిగితే ఆమె ఒక్క మాట చెప్పేది. ఆ మాట ఇక కిందికీ వచ్చేది కాదు, పైకీ పోయేది కాదు. అవతల గొర్రెల బేరగాళ్లు తువ్వాలు కింద చేతులు పెట్టి, వేళ్లు పట్టుకుని గుట్టుగా బేరాలాడుతుంటే వాళ్లను చూసి మూతి తిప్పేది.

"దర చెప్పేదానికి సిగ్గెందుకు? నోట్లో మాట లేనోళ్లు వేళ్లతో మాట్లాడతారు" అనేది.

పోయిన ఆషాఢంలో ఒక సంత రోజున ఇద్దరూ ఎనిమిది కంబళ్లు తీసుకుపోయారు. పొద్దుగూకే దాకా కూర్చున్నా ఒక్కటీ అమ్ముడుపోలేదు. గొర్రెలు కాసేవాళ్లు కూడా ఇప్పుడు మూడొందలకు దొరికే రంగురంగుల దుప్పట్లే కొంటున్నారు. మాంసానికి పెంచే ఎర్ర గొర్రెలు వచ్చాక ఉన్ని ఇచ్చే నల్ల గొర్రెలే కరువయ్యాయి. చివర్లో ఒక వ్యాపారి వచ్చి, ఎనిమిదీ కలిపి తీసుకుంటాను, ఒక్కోటి పద్దెనిమిది వందలకు ఇవ్వమన్నాడు.

"రెండువేల ఐదునూర్లు. ఒకటైనా అంతే, ఎనిమిదైనా అంతే" అంది ఆంజినమ్మ.

వ్యాపారి నవ్వి వెళ్లిపోయాడు. ఇద్దరూ మూట కట్టుకుని షేర్ ఆటో ఎక్కారు. ఆటోలో తొమ్మిది మంది. ఆంజినమ్మ మూటను ఒళ్లో పెట్టుకుని మొగుడి భుజం మీద తల వాల్చింది. తెల్లవారుజామున లేచిన మనిషి కదా, నిద్ర పట్టిందనుకున్నాడు ఈశ్వరప్ప. గుంతల్లో ఆటో ఎగిరినప్పుడల్లా ఆమె తల జారబోయేది. ఆమెకు మెలకువ వస్తుందని భుజం బిగబట్టి, ఎదురుగా ఉన్నవాళ్లతో కూడా మాట్లాడకుండా కూర్చున్నాడు. పన్నెండు కిలోమీటర్లు అలాగే కూర్చున్నాడు. ఊరొచ్చింది. ఆటో ఆగింది. డ్రైవరు వెనక్కి తిరిగి "దిగుమ్మా" అన్నాడు. ఆంజినమ్మ దిగలేదు.

ఏ మలుపులో ఆమె ప్రాణం పోయిందో అతనికి తెలియదు. గుండె ఆగిందన్నారు ఆసుపత్రిలో. బంధువులొచ్చారు, ఏడ్చారు. ఈశ్వరప్పకు ఏడుపు రాలేదు. వస్తుందేమోనని మొదటి రెండు రోజులు చూశాడు, తర్వాత చూడటం మానేశాడు. అన్నం పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. అన్న ఓబన్న వచ్చి పక్కన కూర్చుని "గట్టిగా ఒకసారి ఏడ్చప్పా, బరువు దిగుతాది" అంటే, "ఎక్కినట్టే ల్యాదన్నా దిగేదానికి" అన్నాడు.

పదకొండో దినం ముగిసిన మర్నాడు ఈశ్వరప్ప మగ్గం గుంతలోకి దిగాడు. ఆంజినమ్మ చివరగా వడికిన నూలు గంపలో ఉంది, పడుగు కూడా ఆమె గంజి పట్టించి ఆరబెట్టి పోయింది. అలాగే వదిలేస్తే గంజి వాసనకు పురుగు పడుతుంది. అందుకని నేశాడు. అంతకు మించి ఆలోచించలేదు. జనం మాత్రం "పెండ్లాం పోయి నెల కాల్యా, మగ్గమెక్కినాడు, రాయిరా ఆ మనిషి" అనుకున్నారు. అది అతని చెవిన పడింది. కావచ్చు అనుకున్నాడు. పద్నాలుగు రోజులకు తొమ్మిదో కంబళి మగ్గం దిగింది. దాన్ని మడతపెట్టి ఇనుప పెట్టెలో ఎనిమిదింటి మీద పెట్టి మూత వేశాడు. ఆ తర్వాత మగ్గం గుంతలో కోళ్లు పడుకోవడం మొదలుపెట్టినా వాటిని అదిలించలేదు.

కార్తీకంలో కూతురు మల్లీశ్వరి వచ్చింది. ఆమెదీ అల్లుడు భరత్‌దీ కళ్యాణదుర్గంలో తాలూకా కచేరి ఎదురుగా జిరాక్సు షాపు. ఊళ్లవాళ్లకు ఆన్‌లైన్‌లో దరఖాస్తులు పెట్టడం, బిల్లులు కట్టడం ఆమె పని. పెట్టె తెరిచి చూస్తే ఒక కంబళి మూలన పురుగు కొట్టడం మొదలుపెట్టింది. ఆమె అన్నీ బయటికి లాగి ఎండలో దులిపి, ఆరేసింది.

"వీటిని ఇట్లే పెట్టుకుంటే ఉగాదికి బూడిదయితాయి నాయనా. సంతకు నువ్వెట్లా పోవు. ఫోన్‌లో పెట్టి అమ్ముదాం. బెంగుళూరోళ్లు, హైదరాబాదోళ్లు చేతి నేత అంటే కొంటాండారు."

"పెట్టు" అన్నాడు ఈశ్వరప్ప.

ఇంత తొందరగా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు. వాదించడానికి సిద్ధపడి వచ్చింది. తండ్రి ముఖంలోకి చూసింది. అందులో ఒప్పుకోలూ లేదు, కాదనడమూ లేదు.

కంబళ్లను గోడకు వేలాడదీసి ఫోటోలు తీసింది. పొడవు ఆరు మూరలని కొలిచి రాసుకుంది. తర్వాత ఫోన్ పట్టుకుని తండ్రి పక్కన మంచం మీద కూర్చుంది.

"దీంట్లో రెండు దార్లుండాయి నాయనా. ఒకటి, మనమే దర రాసేసేది. ఇష్టమున్నోళ్లు ఆ దరకు తీసుకుంటారు, లేదంటే పోతారు. రెండోది వేలం. తక్కువ నుంచి మొదలుపెడతాం, ఏడు రోజులు గడువు. ఎవురికి కావాలంటే వాళ్లు పాడతారు. ఆఖర్న ఎవురు ఎక్కువ పాడితే వాళ్లకి."

"మన చింతచెట్ల పాట మాదిరా?"

"ఆ, అంతే. కాకుంటే మనుషులు కనపడరు."

పంచాయతీవాళ్లు ఏటా చెరువుకట్ట మీది చింతచెట్ల కాపును పాట పెడతారు. ఒకటోసారి, రెండోసారి అని అరుస్తుంటే చెట్టు కింద నిలబడి చూడటం ఈశ్వరప్పకు అలవాటే. కాపు బాగుండి, ఇద్దరు పంతం పట్టిన ఏడాది పాట ఆకాశాన్నంటుతుంది. పాడేవాడు ఒక్కడే వచ్చిన ఏడాది చెట్టు అగ్గువకు పోతుంది. కాయ అదే, చెట్టు అదే.

"మామూలు సామాన్లకు దర రాసేసేదే మేలంట" అంది మల్లీశ్వరి. "ఇంత అని మనకు తెలిసినప్పుడు పాట ఎందుకు? ఎంత చేస్తాదో మనకే తెలీని వస్తువైతే, అట్లాంటిది ఇంకోటి ల్యాని వస్తువైతే వేలం పెట్టల్లంట. కానీ కొనేటోళ్లు ఇద్దరన్నా రాకపోతే నష్టపోతాం."

ఈశ్వరప్ప కంబళ్ల వైపు చూశాడు. తర్వాత చెయ్యి ఎత్తి ఒకవైపు చూపించాడు.

"ఆ ఎనిమిదింటికి రెండువేల ఐదునూర్లు రాయి."

"ఎక్కువేమో నాయనా. మొదుట్లో రెండువేలు పెట్టి..."

"మీ అమ్మ చెప్పిన దర అది. ఆ పొద్దు సంతలో చెప్పింది. తగ్గించొద్దు."

మల్లీశ్వరి రాసింది. తర్వాత విడిగా ఉన్న తొమ్మిదోదాని వైపు చూసింది. "మరి దీనికీ అంతేనా?"

"దాన్ని పాటకు పెట్టు."

"అన్నీ ఒకే నేత కదా నాయనా? దీంట్లో తేడా ఏముండాది?"

"ఇది అయ్యేతలికి ఆమె ల్యా. దీనికి దర చెప్పనే లేదు" అన్నాడు ఈశ్వరప్ప. "నాకు తెలీదు. వాళ్లనే చెప్పమను."

మల్లీశ్వరి ఫోన్ ఒళ్లో పెట్టుకుని తల దించుకుంది. కళ్లు తుడుచుకుంటోందని ఈశ్వరప్పకు తెలిసింది. ఓదార్చాలని కూడా తెలుసు. చెయ్యి మాత్రం మంచం పట్టె మీద నుంచి లేవలేదు.

వేలం వెయ్యి రూపాయలకు మొదలైంది. రోజూ సాయంత్రం మల్లీశ్వరి ఫోన్ చేసి చెప్పేది. రెండో రోజుకు హైదరాబాదు నుంచి ఎవరో పన్నెండొందలు పాడారు. నాలుగో రోజు గుమ్మఘట్ట వైపు నుంచి పాపన్న అనే అతను పదిహేనొందలన్నాడు. హైదరాబాదు మనిషి రెండువేలకు వచ్చాడు. ఆరో రోజు పాపన్న రెండువేల వంద చేశాడు. అక్కడ ఆగింది. ఎనిమిదింటిలో మాత్రం ఒకటి రెండువేల ఐదువందలకే పోయింది. మైసూరులో ఉండే ఒక ఉపాధ్యాయురాలు తీసుకుంది. ఆమె ఇంకేమీ అడగలేదు, బేరమూ ఆడలేదు.

ఈశ్వరప్ప అన్నీ విని "ఊ" అనేవాడు.

ఏడో రోజు గడువు ముగిసేది మధ్యాహ్నం మూడింటికి. ఆ వేళకు అతను వాకిట్లో జొన్నలు చెరుగుతున్నాడు. మూడుంబావుకు మల్లీశ్వరి ఫోన్ చేసింది.

"నాయనా, ఇరవై రెండు వేలు."

"ఏంది?"

"కంబళికి నాయనా! ఆఖరి నిమిషంలో బెంగుళూరాయన ఒకడొచ్చి ఇరవై రెండు వేలు పాడినాడు. ఆయనకే వచ్చింది. ఇంటున్నావా?"

"ఇంటాండా."

చెరిగిన జొన్నలు డబ్బాలో పోసి, చేట గోడకు తగిలించాడు. గంటలో ఊరంతా పాకింది. ఓబన్న పరుగున వచ్చి భుజం తట్టాడు. టీ బంకు దగ్గర, ఒక్క కంబళికి ఇరవై రెండు వేలంట, మనమూ మగ్గాలు అటక మీద నుంచి దించుదాం అని నవ్వులు. ఎప్పుడో నేత మానేసిన తిప్పయ్య ఇంటికొచ్చి, ఆ నూలులో ఏమైనా విశేషముందా అని నెమ్మదిగా అడిగాడు. అందరూ సంతోషంగా ఉన్నారు. ఈశ్వరప్ప వాళ్ల మధ్య కూర్చుని టీ తాగాడు. టీలో చక్కెర ఉందో లేదో కూడా తెలియలేదు. ఆంజినమ్మకు చెప్పాలి అన్న తలపు ఒకసారి వచ్చింది, ఎప్పుడూ వచ్చినట్టే. లేచి ఇంటి వైపు నాలుగడుగులు వేశాడు. తర్వాత గుర్తొచ్చి, ఎటూ పోలేక అక్కడే కాసేపు నిలబడ్డాడు.

డబ్బు మరునాడు రాలేదు, ఆ మరునాడూ రాలేదు. నాలుగో రోజు బెంగుళూరు మనిషి రాసి పంపాడు. తను రెండువేల రెండువందలు కొట్టబోయాడట. తొందరలో ఒక సున్నా ఎక్కువ పడిందట. ఇప్పుడు అసలు కంబళే వద్దట. క్షమించమన్నాడు.

మల్లీశ్వరి ఆ సాయంత్రమే బస్సెక్కి వచ్చింది. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే మొదలుపెట్టింది.

"వాని మీద ఫిర్యాదు పెట్టినా. ఆ కంపెనీవోళ్లు వాని ఖాతా ఆపుతారంట, అంతే, మనకు ఒరిగేదేమీ ల్యా. పోనీలే. ఇప్పుడు మనకు రెండు దార్లుండాయి. మళ్లీ వేలం పెట్టొచ్చు. లేదంటే దీన్నీ ఆ ఏడింటితో కలిపి రెండువేల ఐదునూర్లకు రాసేస్తా. అదే మంచిది."

"వాని కంటే ముందు పాడినాయన ఎవురు?"

"పాపన్న. రెండువేల వంద. ఎందుకు?"

"ఆయనకియ్యి."

"నాలుగునూర్లు తక్కువ నాయనా! అమ్మ ఉంటే ఒప్పుకునేదా?"

"ఒప్పుకోదు. ఆమె పాటకే పెట్టనియ్యదు. పాటకు పెట్టింది నేను. పాడినోడు ఎగ్గొడితే ఎనకుండే వానికి ఇయ్యల్ల. చింతచెట్లకైనా అంతే కదా."

మల్లీశ్వరికి కోపం ముంచుకొచ్చింది. "ఇరవై రెండు వేలన్నా నీ మొగం అట్లే ఉండాది. పోయినాయన్నా అట్లే ఉండాది. నీకేమీ అనిపించదా నాయనా?"

ఈశ్వరప్ప ఆలోచించాడు. కూతురు అడిగినందుకు నిజం చెప్పాలనుకున్నాడు.

"అనిపించేదాన్ని యాడో పెట్టి మర్చిపోయినట్టుండాది మే. ఎతుకుతానే ఉండా. కనపడల్యా."

ఆమె లేచింది. లోపలికి పోయి పొయ్యి ముట్టించి, తండ్రికి సంగటి చేసింది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తిన్నారు.

పాపన్నకు మాట పంపితే, పార్సిలు ఖర్చు ఎందుకు, నేనే వస్తానన్నాడు. మూడు రోజుల తర్వాత రెండు బస్సులు మారి, పొద్దున పది గంటలకు దిగాడు. నలభై ఐదేళ్లుంటాయి. మోకాళ్ల దాకా పంచె, చేతిలో కర్ర, ఎండకు కమిలిన ముఖం. కనపడగానే తెలిసిపోతుంది గొర్రెల కాపరి అని. మాటలో సగం కన్నడం.

"ఈశ్వరప్పన్న నీవేనా? నేను పాపన్న. మా కోడలు ఫోన్‌లో చూపిచ్చింది కంబళి."

ఈశ్వరప్ప మంచం వాల్చి నీళ్లిచ్చాడు. కంబళి తెచ్చి పరిచాడు. పాపన్న దాన్ని ఎత్తి చూడలేదు. ముందు అంచు దగ్గర ఒక పోగు పట్టుకుని బొటనవేలి గోటితో గీరాడు. తర్వాత మధ్యలో చిన్న గుంతలా నొక్కి, తాగగా మిగిలిన నీళ్లు చెంబుతో అందులో పోశాడు. ఇద్దరూ వంగి చూశారు. నీళ్లు లోపలికి దిగలేదు. నల్లటి ఉన్ని మీద ముద్దగా నిలబడ్డాయి. బయట కోడి రెండుసార్లు కూసింది. నీళ్లు అలాగే ఉన్నాయి.

"హౌదు, ఇది అసలైన కంబళి" అన్నాడు పాపన్న. "వడికింది ఎవురన్నా?"

"మా ఇంటామె."

"ఉండాదా?"

"ల్యా. ఆషాఢంలో పోయింది."

పాపన్న తలూపాడు. అయ్యో అనలేదు. కంబళి ఒక మూల ఎత్తి, నీళ్లను జాగ్రత్తగా వాకిట్లోకి వంపాడు.

"ఇట్లాంటి నూలు చూసి పదేండ్లయిందన్నా. మా అమ్మ వడికేది ఇట్ల. నిజం చెప్తా, మిగతావి రెండువేల ఐదునూర్లు అని రాసినారు కదా, అంత పెట్టేది నా శాత కాల్యా. పాటలో అయితే మా దుడ్లకు అందుతాదేమోనని చూసినా. రేపు నెల గొర్రెలు తోలుకుని తుంగభద్ర కాలువ కిందికి పోవల్ల. మంచుకు రంగు దుప్పట్లు నిల్చవు."

"ఆమె ఉంటే ఈ దరకు ఇచ్చుండదప్పా" అన్నాడు ఈశ్వరప్ప. "నన్నూ తిట్టుండును, నిన్నూ తిట్టుండును."

అన్నాక అతనికే వింతగా అనిపించింది. నాలుగు నెలలుగా ఆమె గురించి ఎవరైనా ఏదైనా అడిగితే జవాబు చెప్పాడే తప్ప, తనంతట తాను ఒక మాట అనలేదు. చాలాసేపు ముడుచుకుని కూర్చున్న కాలు చాపినప్పుడు తిమ్మిరి పాకినట్టు, ఒంట్లో ఏదో సూదులు గుచ్చింది. వెంటనే పోయింది.

పాపన్న నవ్వాడు. "తిట్లు తినేదానికి సిద్ధమే. ఇంగా దుడ్లు అయితే ల్యావన్నా. ఉన్ని పంపిస్తా. మావి నల్ల గొర్రెలే."

"వద్దు. పాట పాటే."

పాపన్న రెండువేల వంద లెక్కపెట్టి ఇచ్చాడు. కంబళిని నాలుగు మడతలు వేసి భుజాన వేసుకున్నాడు. ఈశ్వరప్ప బస్సు దాకా వెంట నడిచాడు. దారిలో ఇద్దరూ ఈ ఏటి వాన గురించి, ఎండిన గడ్డి గురించి మాట్లాడుకున్నారు. బస్సు కిటికీలోంచి నల్లటి అంచు కొంచెం దూరం కనిపించింది. ఈశ్వరప్ప అది కనపడినంతసేపు నిలబడలేదు, ఎండ ఎక్కువగా ఉందని మధ్యలోనే వెనుదిరిగాడు.

మాఘంలో ఒకరోజు కళ్యాణదుర్గం బస్సు కండక్టరు రెండు గోతాలు దించాడు. గుమ్మఘట్ట వైపు నుంచి పాపన్న పంపినవి. విప్పితే నల్లటి ఉన్ని, ఇంకా గొర్రె వాసన పోలేదు. వద్దని చెప్పాను కదా అని ఈశ్వరప్ప ఫోన్ చేయించాడు. పాపన్న అవతల కాలువ కింద ఎక్కడో ఉన్నాడు. గాలి హోరులో "తిట్లకు కట్టిన కప్పం అనుకో అన్నా" అన్నది మాత్రమే వినిపించింది.

గోతాలు పదిహేను రోజులు మూలన ఉన్నాయి. ఊళ్లో వడికేవాళ్లు ఎవరూ మిగల్లేదు. వడకడం తెలిసిన తిప్పయ్య అమ్మకు ఇప్పుడు చూపు లేదు. ఒక మధ్యాహ్నం ఈశ్వరప్ప అటక మీది రాట్నం కిందికి దించి, తుడిచి, దాని ముందు ఆంజినమ్మ కూర్చునే చోటే కూర్చున్నాడు. ముప్పై రెండేళ్లు రోజూ చూసిన పని. తీరా చేస్తే పోగు తెగింది. అతికాడు, మళ్లీ తెగింది. ఒకచోట ఉబ్బింది, ఒకచోట వెంట్రుకలా సన్నబడింది. చీకటి పడేసరికి పిడికెడు నూలు వచ్చింది, అదీ అక్కరకు రానిది. మరునాడు మళ్లీ కూర్చున్నాడు. బాగు చేద్దామన్న పట్టుదల ఏమీ లేదు. చేతులకు ఏదో ఒకటి కావాలి, అంతే. రెండు నెలలకు ఒక కంబళికి సరిపడా అయింది. గంజి తనే కాచాడు, మొదటిసారి అడుగంటింది. కోళ్లను మగ్గం గుంతలోంచి తోలాడు.

ఆ లోపు మల్లీశ్వరి పెట్టిన ఏడింటిలో ఆరు అమ్ముడయ్యాయి, నెలకొకటి, రెండేసి. పురుగు కొట్టినదాన్ని ఆమె తనకే ఉంచుకుంది. కొన్నవాళ్లలో ఇద్దరు ఇంకా కావాలని రాశారు.

కొత్త కంబళి చూడటానికి ఆమె వైశాఖంలో వచ్చింది. దాన్ని చేత్తో తడిమింది. గరుకుగా, నూలు పలచబడిన చోటల్లా లొట్టలుగా ఉంది. బాగుందని అబద్ధం చెప్పలేదు.

"ఇది పాటకా, దర రాయల్లా నాయనా?"

"దర రాయి. పద్దెనిమిది నూర్లు."

"ఈ లొట్టలు?"

"లొట్టలుండాయని కూడా రాయి. మొగోడు వడికిన నూలని రాయి. చూసి కావాలన్నోళ్లే తీసుకుంటారు."

మల్లీశ్వరి అలాగే రాసింది. ఇరవై రెండు రోజులు ఎవరూ అడగలేదు. ఇరవై మూడో రోజు హుబ్బళ్లి నుంచి ఒకాయన తీసుకున్నాడు. ఈశ్వరప్ప పార్సిలు తనే కట్టి, షేర్ ఆటోలో కాకుండా బస్సులో కళ్యాణదుర్గం పోయి, పోస్టాఫీసులో వరుసలో నిలబడి పంపాడు. అక్కడి గుమాస్తా లోపల ఏముందని అడిగితే, "కంబళి, నేను చేసింది" అన్నాడు.